పంపని ఉత్తరం – అబ్రహాం లింకన్ కాగితాలు చెప్పే కథ

1947 జూలై 26. వాషింగ్టన్ నగరంలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో అర్ధరాత్రి వేళ పండితులు, పాత్రికేయులు గుమిగూడి గడియారం వైపు చూస్తున్నారు. లింకన్ జీవిత చరిత్రను ఆరు సంపుటాలలో వ్రాసిన కవి కార్ల్ శాండ్‌బర్గ్ కూడా వారిలో ఉన్నారు. పన్నెండు దాటి ఒక్క నిమిషం కాగానే భద్రపరచిన పెట్టెల తాళాలు తీశారు. లోపల ఉన్నవి బంగారమూ కాదు, రత్నాలూ కాదు. 82 సంవత్సరాల క్రితం హత్యకు గురైన ఒక అధ్యక్షుని ఉత్తరాలు, చిత్తుప్రతులు, అర్జీలు, తంతి వార్తలు. మొత్తం 18,000కు పైగా కాగితాలు.

అబ్రహాం లింకన్ పేరు విననివారు మనలో ఉండరు. కర్రల గుడిసెలో పుట్టి దేశాధ్యక్షుడైన కథను బడిలో చదువుకున్నాము. బానిసల సంకెళ్ళు తెంచినవాడని విన్నాము. పాఠ్యపుస్తకంలోని లింకన్ పాలరాతి విగ్రహం వంటివాడు. ఆయన కాగితాలలో కనిపించే లింకన్ మాత్రం కోపం వచ్చే మనిషి, తప్పు చేసే మనిషి, తప్పు చేశానని కాగితం మీద పెట్టగల మనిషి. ప్రియ పాఠకులారా, ఈ వారం ఆ మనిషిని పరిచయం చేసుకుందాము.

అక్షరాల ఆకలి

లింకన్ 1809 ఫిబ్రవరి 12న కెంటకీ రాష్ట్రంలో జన్మించాడు. తండ్రి థామస్ వడ్రంగి, రైతు. కష్టపడి తన పేరు మాత్రమే వ్రాయగలడు. తల్లి నాన్సీ, కుమారునికి తొమ్మిదేళ్ళ ప్రాయంలో, 1818 అక్టోబరులో ఇండియానాలో మరణించింది. అడవిలో ఒక విషపు మొక్కను మేసిన ఆవుల పాలు త్రాగటం వలన వచ్చే జబ్బు అది. ఆ రోజుల్లో ఎన్నో కుటుంబాలను అది తుడిచిపెట్టింది. మరుసటి సంవత్సరం సవతి తల్లి సారా ఇంట అడుగుపెట్టింది. ఆమెకు చదువు రాదు. అయినా తనతో కొన్ని పుస్తకాలు తెచ్చింది, చదువుకొనే పిల్లవానికి అడ్డు రాలేదు. సవతి తల్లి అనగానే మన కథలలో వచ్చే పాత్ర కాదు ఆమె. లింకన్ చివరివరకూ ఆమెను తల్లిగానే చూసుకున్నారు.

బడిలో గడిపిన రోజులన్నీ కలిపినా ఆయనకు ఒక సంవత్సరం నిండదు. పదిహేను, పదహారేళ్ళ వయసులో లెక్కలు చేసిన నోటు పుస్తకం ఆకులు కొన్ని నేటికీ ఉన్నాయి. లింకన్ చనిపోయిన సంవత్సరమే ఆయన న్యాయవాద భాగస్వామి విలియం హెర్న్‌డన్ వృద్ధురాలైన సారాను చూడబోతే, ఆమె దాచి ఉంచిన ఆకులు తీసి ఇచ్చింది. చదవలేని తల్లి కొడుకు చేతివ్రాతను నలభై ఏళ్ళు దాచింది. లింకన్ కాగితాలను భద్రపరచిన మొదటి వ్యక్తి ఆమే అనవచ్చు.

1831లో ఆయన ఇల్లినాయ్ రాష్ట్రంలోని న్యూ సేలం అనే కుగ్రామం చేరారు. దుకాణం పెట్టి నష్టపోయి అప్పులపాలయ్యారు. 1833లో ఆ ఊరి పోస్టుమాస్టరు ఉద్యోగం దొరికింది. ఉత్తరాలను టోపీలో పెట్టుకొని ఇంటింటికీ తిరిగేవారు. ఈ అలవాటు న్యాయవాది అయిన తరువాత కూడా పోలేదు. దావా కాగితాలు టోపీలోనే. స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని ఆఫీసులో ఒక కాగితాల కట్ట ఉండేది. ఇంకెక్కడా దొరకని కాగితం ఏదైనా ఉంటే ఇందులో చూడవలెనని దాని మీద ఆయనే వ్రాసి పెట్టుకున్నారు. ఇంత అస్తవ్యస్తంగా కాగితాలు పెట్టుకున్న మనిషి మాట మాత్రం తూకం వేసినట్టు వ్రాసేవారు.

దాచిపెట్టలేని రెండు ఉత్తరాలు

ఆయన అధ్యక్షుడు కాకముందు వ్రాసిన ఉత్తరాలలో రెండింటిని ఇక్కడ చెప్పుకోవాలి.

మొదటిది 1851 జనవరి 12న సవతి తమ్ముడు జాన్ జాన్‌స్టన్‌కు వ్రాసినది. తండ్రి మరణశయ్య మీద ఉన్నాడని జాన్‌స్టన్ రెండుసార్లు కబురు చేసినా లింకన్ బదులివ్వలేదు. చివరకు వ్రాసిన ఉత్తరంలో భార్య బాలింతరాలై జబ్బుగా ఉన్నదని, తాను రాలేనని తెలిపారు. తనను పిలిచేవారిని ఏ ఆపదలోనూ విడిచిపెట్టని సృష్టికర్తను నమ్ముకోమని తండ్రికి చెప్పమన్నారు. అంతటితో ఆపలేదు. ఇప్పుడు తాము కలుసుకున్నా దానివలన సంతోషం కన్నా బాధే ఎక్కువ కావచ్చునని కూడా వ్రాశారు. అయిదు రోజులకు తండ్రి కన్నుమూశాడు. లింకన్ అంత్యక్రియలకు వెళ్ళలేదు. తండ్రీ కొడుకుల మధ్య ఏమి గడ్డకట్టి ఉన్నదో ఆ ఉత్తరం విప్పి చెప్పదు. కాని అది గడ్డకట్టి ఉన్నదని మాత్రం దాచదు. లోకానికి క్షమాభిక్ష పెట్టిన మనిషి సొంత ఇంటిలో ఒక తలుపు తెరవలేకపోయారు. మన కుటుంబాలలో ఇటువంటి మూసిన తలుపులు ఎన్ని ఉన్నాయో మనకు తెలుసు.

రెండవది కతోలిక పాఠకులు ప్రత్యేకంగా తెలుసుకోవలసినది. ఆ కాలంలో అమెరికాలో నో-నథింగ్ అనే పార్టీ పెరిగింది. తమ సంఘం సంగతి ఎవరు అడిగినా ఏమీ తెలియదనటం ఆ సభ్యుల నియమం. అందుకే ఆ పేరు. ఐర్లాండు, జర్మనీల నుండి పొట్ట చేత పట్టుకొని వచ్చిన వలసదారులన్నా, కతోలికులన్నా వారికి గిట్టదు. అంతకు ముందే, 1844లో ఫిలడెల్ఫియాలో అల్లరి మూకలు కతోలిక దేవాలయాలను తగలబెట్టాయి. ఆ సంవత్సరమే స్ప్రింగ్‌ఫీల్డ్ సభలో లింకన్ ఒక తీర్మానం ప్రవేశపెట్టారు. రాజ్యాంగం ఇచ్చిన మనస్సాక్షి స్వేచ్ఛ ప్రొటెస్టెంటుకు ఎంతో కతోలికునికీ అంతేనని దాని సారాంశం. 1855 ఆగస్టు 6న కెంటకీలోని లూయీవిల్ నగరంలో ఎన్నికల రోజున జరిగిన అల్లర్లలో 20 మందికి పైగా చనిపోయారు. మృతులలో ఎక్కువమంది ఐరిష్, జర్మన్ వలసదారులు.

ఆ తరువాత 18 రోజులకు, ఆగస్టు 24న, లూయీవిల్ ప్రాంతానికే చెందిన తన ప్రాణస్నేహితుడు, బానిసల యజమాని అయిన జాషువా స్పీడ్‌కు లింకన్ దీర్ఘమైన ఉత్తరం వ్రాశారు. నీగ్రోల అణచివేతను అసహ్యించుకొనేవాడు మరొక వర్గాన్ని కించపరచే పార్టీలో ఎలా చేరగలడని ప్రశ్నించారు. మనుషులందరూ సమానమన్న ప్రకటనతో మొదలైన దేశం, ముందు నల్లవారిని మినహాయించిందని, ఈ పార్టీ వస్తే పరదేశీయులను, కతోలికులను కూడా మినహాయిస్తుందని వాపోయారు. అదే జరిగితే స్వేచ్ఛ పేరుతో నటించని నిరంకుశ రాజ్యానికి, ఉదాహరణకు రష్యాకు, వలసపోవటం మేలన్నారు. అయితే ఇదంతా మిత్రునికి వ్రాసిన సొంత ఉత్తరం. బహిరంగ వేదికల మీద ఆ రోజుల్లో ఆయన ఇంత గట్టిగా మాట్లాడలేదు. ఆ పార్టీ నుండి వచ్చే ఓట్లు ఆయనకు అవసరం. ఇది కూడా చెప్పకపోతే సగం నిజమే చెప్పినట్టవుతుంది.

అధ్యక్షుని బల్ల మీద

1860 నవంబరు 6న లింకన్ అధ్యక్షునిగా ఎన్నికయ్యారు. ఎన్నికలకు మూడు వారాల ముందు న్యూయార్క్ రాష్ట్రం నుండి గ్రేస్ బెడెల్ అనే 11 ఏళ్ళ బాలిక గడ్డం పెంచమని సలహా వ్రాస్తే, నాలుగు రోజులలో స్వయంగా బదులు వ్రాశారు. మాట ఇవ్వలేదు గాని గడ్డం పెంచారు. మరుసటి ఫిబ్రవరిలో రాజధానికి వెళ్తూ ఆమె ఊరిలో రైలు ఆగినప్పుడు ఆ బాలికను పిలిపించి పలకరించారు.

1861 ఏప్రిల్‌లో అంతర్యుద్ధం ఆరంభమైంది. శ్వేతసౌధానికి రోజుకు వందల ఉత్తరాలు వచ్చేవి. జాన్ నికోలే, జాన్ హే, విలియం స్టాడర్డ్ అనే యువ కార్యదర్శులు వాటిని విప్పి, ఏరి, ముఖ్యమైన కొన్నింటినే ఆయన ముందు పెట్టేవారు. ఉద్యోగం కావాలనేవారు, కొడుకు జాడ తెలియని తల్లులు, తిట్టేవారు, చంపుతామని బెదిరించేవారు, అందరూ వ్రాసేవారు. పరిపాలన అంటే చట్టాలు చేయటమే కాదని, ఎవరో ఒకరి అర్జీ ముందు కూర్చొని నిర్ణయించటమని ఆ కాగితాలు చూస్తే తెలుస్తుంది.

1861 అక్టోబరు 21న న్యూయార్క్ అగ్రపీఠాధిపతి జాన్ హ్యూస్ గారికి లింకన్ వ్రాసిన ఉత్తరం అటువంటిదే. సైనిక ఆసుపత్రులలో క్షతగాత్రులకు ఆధ్యాత్మిక సేవకులను నియమించే చట్టం లేదు. కాని ఆరోగ్యంగా ఉన్న సైనికునికన్నా మంచాన పడి ఉన్నవానికే వారి అవసరం ఎక్కువని లింకన్ గ్రహించారు. ముగ్గురు ప్రొటెస్టెంటు బోధకులను తాత్కాలికంగా సేవ చేయమని కోరిన ఆయన, కతోలిక గురువులలో తగినవారి పేర్లు ఇవ్వవలసిందిగా హ్యూస్ గారిని అర్థించారు. చట్టం లేదని చేతులు ముడుచుకోలేదు, చట్టం ఉన్నట్టు నటించనూ లేదు. తరువాతి సంవత్సరం కాంగ్రెసు అందుకు చట్టం చేసింది. ఆ ఆసుపత్రులలోనే వందలాది కతోలిక మఠకన్యలు రెండు పక్షాల గాయపడినవారికీ కట్లు కట్టారు. కతోలికులను అనుమానంగా చూసిన దేశంలో ఎందరి మనసులనో ఆ సేవ మార్చింది.

జూలై 13, జూలై 14

1863 జూలై మొదటి వారంలో ఉత్తరాది సేనలకు రెండు పెద్ద విజయాలు లభించాయి. జూలై 1 నుండి 3 వరకు గెటిస్‌బర్గ్ వద్ద జనరల్ జార్జ్ మీడ్, దక్షిణాది సేనాని లీని ఓడించారు. జూలై 4న మిసిసిపీ నది ఒడ్డున విక్స్‌బర్గ్ కోట జనరల్ గ్రాంట్‌కు లొంగిపోయింది.

జూలై 13న లింకన్ గ్రాంట్‌కు ఒక చిన్న ఉత్తరం వ్రాశారు. అప్పటికి వారిద్దరూ ఒకరినొకరు చూసి ఎరుగరు. విక్స్‌బర్గ్ ముట్టడికి ముందు గ్రాంట్ ఎన్నుకున్న మార్గం పొరపాటని తాను భయపడినట్టు లింకన్ అందులో తెలిపారు. గ్రాంట్ చేసినదే సరియైనదని, తన ఆలోచన తప్పని ఒప్పుకున్నారు. ఆ మాట ఎవరూ అడగలేదు. ఆ అనుమానం గ్రాంట్‌కు తెలియవలసిన అగత్యమూ లేదు. దేశాధ్యక్షుడు తన కింది అధికారికి, అడగకుండానే, కాగితం మీద తప్పు ఒప్పుకున్నారు. ఆ ఉత్తరాన్ని పంపారు.

మరునాడు జూలై 14. ఓడిపోయిన లీ సేన, వరదలో ఉన్న పొటోమాక్ నదిని రాత్రికి రాత్రి దాటి తప్పించుకుందని వార్త వచ్చింది. వెంటాడి ఉంటే యుద్ధం అక్కడితో ముగిసేదని లింకన్ నమ్మకం. ఆయన అసంతృప్తిని పైఅధికారి మీడ్‌కు తంతి ద్వారా తెలుపగా, మనసు నొచ్చుకున్న మీడ్ రాజీనామాకు సిద్ధపడ్డారు. అప్పుడు లింకన్ కలం తీసి మీడ్‌కు ఉత్తరం వ్రాశారు. మొదట గెటిస్‌బర్గ్ విజయానికి కృతజ్ఞతలు చెప్పారు. తరువాత లీ తప్పించుకుపోవటం ఎంత పెద్ద దురదృష్టమో మీడ్ గుర్తించినట్టు లేదని, యుద్ధం ఇక ఎన్నాళ్ళు సాగుతుందో తెలియదని, బంగారంలాంటి అవకాశం చేజారిందని, తనకు అంతులేని బాధ కలిగిందని వ్రాశారు.

వ్రాసి, మడిచి, కవరులో పెట్టారు. కవరు మీద జనరల్ మీడ్‌కు అని వ్రాసి, దీనిని ఎన్నడూ పంపలేదని, సంతకం చేయలేదని చేర్చారు. చించివేయనూ లేదు. ఆ ఉత్తరం ఆయన కాగితాల మధ్య అలాగే ఉండిపోయింది. మీడ్ యుద్ధం ముగిసేవరకు తన సేనకు అధిపతిగానే కొనసాగారు.

ఈ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి చూడండి. తన తప్పు ఒప్పుకొనే ఉత్తరం వెళ్ళింది. ఎదుటివాని తప్పు ఎత్తిచూపే ఉత్తరం ఆగింది. మనలో చాలామంది చేసేది దీనికి తలక్రిందులు. కోపంతో వ్రాసినది, కోపంతో అన్నది క్షణంలో చేరవేస్తాము. క్షమించమనే మాట మాత్రం ఏళ్ళ తరబడి నోటిలోనే ఉండిపోతుంది. లింకన్‌కు కోపం రాలేదని కాదు. కోపం అంతా కాగితం మీద పెట్టారు. దాన్ని మనిషి మీద పెట్టలేదు, అంతే తేడా.

క్షమించిన చేయి, శిక్షించిన చేయి

సైనిక న్యాయస్థానాలు విధించిన మరణశిక్షల దస్త్రాలు అధ్యక్షుని ఆమోదానికి వచ్చేవి. కాపలాలో నిద్రపోయిన కుర్రవాడు, యుద్ధం మధ్యలో పారిపోయినవాడు, ఇంటి మీద బెంగతో సెలవు లేకుండా వెళ్ళినవాడు. ఆ దస్త్రాల మీద ఒకటి రెండు పంక్తులలో శిక్ష తగ్గిస్తూ లింకన్ వ్రాసిన ఆదేశాలు వందల సంఖ్యలో ఉన్నాయి. దీనివలన క్రమశిక్షణ దెబ్బతింటుందని కొందరు సేనాధిపతులు సణిగారు.

అయితే అందరినీ ఆయన క్షమించలేదు. నథానియేల్ గోర్డన్ అనే ఓడ కెప్టెన్ 1860లో 897 మంది ఆఫ్రికన్లను ఓడలో కుక్కి తెస్తూ పట్టుబడ్డాడు. ఉరిశిక్ష రద్దు చేయమని ఎందరో పట్టుబట్టారు. 1862 ఫిబ్రవరి 4న లింకన్ రెండు వారాల గడువు మాత్రం ఇచ్చారు. మనుషుల క్షమాభిక్ష మీద ఆశ వదులుకొని, అందరికీ తండ్రియైన దేవుని కనికరాన్ని వెదకుమని ఆ ఉత్తర్వులోనే వ్రాశారు. ఫిబ్రవరి 21న గోర్డన్‌ను ఉరి తీశారు. అంతకు ముందు రోజే లింకన్ ముద్దుల కొడుకు, పదకొండేళ్ళ విల్లీ, జ్వరంతో మరణించాడు.

అదే సంవత్సరం మినెసోటాలో ఆకలికీ మోసానికీ గురైన డకోటా ఇండియన్లు తిరుగుబాటు చేశారు. వందలాది వలస కుటుంబాలవారు హతులయ్యారు. సైనిక విచారణలో 303 మందికి మరణశిక్ష పడింది. కొన్ని విచారణలు కొద్ది నిమిషాలలోనే ముగిశాయి. అందరినీ ఉరి తీయవలసిందేనని రాష్ట్రం అంతా కేకలు వేసింది. లింకన్ ఆ దస్త్రాలను ఒక్కొక్కటిగా పరిశీలింపజేశారు. యుద్ధంలో పాల్గొన్నవారిని, నిస్సహాయులను చంపినవారిని వేరుచేయించి, డిసెంబరు 6న 39 పేర్లు స్వహస్తాలతో వ్రాశారు. నోరు తిరగని ఆ పేర్లు తారుమారు కాకుండా జాగ్రత్త పడ్డారు. వారిలో ఒకరికి చివరిలో శిక్ష ఆగింది. డిసెంబరు 26న మాన్‌కాటో పట్టణంలో 38 మందిని ఒకేసారి ఉరి తీశారు. వారిలో చాలామందికి మరణానికి ముందు ఆగస్టిన్ రావూ అనే కతోలిక గురువు జ్ఞానస్నానం ఇచ్చారు. ఎంత జాగ్రత్తపడినా, పేరు పొరపాటున ఉరికంబం ఎక్కినవాడు ఒకడు ఉన్నాడని తరువాత తేలింది.

రెండువందల అరవైకి పైగా ప్రాణాలు నిలిచాయి. 38 ప్రాణాలు పోయాయి. అమెరికా చరిత్రలో ఇంతమందిని ఒకేసారి ఉరి తీసిన సందర్భం మరొకటి లేదు. ఈ కాగితాన్ని కాపాడినవాని ఘనతగా చదువుతారు కొందరు, చంపినవాని నేరంగా చదువుతారు మరికొందరు. అదే కాగితం, అదే చేతివ్రాత. మరణశిక్షను చేతిలో పట్టుకొన్న ఏ మనిషీ, ఎంత మంచివాడైనా, చేతికి మరక అంటకుండా బయటపడలేడని నాకు అనిపిస్తుంది.

ఎవరి పక్షం?

ఆ యుద్ధ కాలంలోనే లింకన్ ఒక చిన్న కాగితం మీద తనకోసం తాను కొన్ని వాక్యాలు వ్రాసుకున్నారు. ఎవరికీ పంపటానికి కాదు. కార్యదర్శి హే దానిని భద్రపరచాడు. రెండు పక్షాలూ దేవుడు తమ వైపే అంటున్నాయి. ఒకే విషయంలో ఒకే సమయంలో దేవుడు అనుకూలంగానూ వ్యతిరేకంగానూ ఉండలేడు. కనుక ఒక పక్షం తప్పక పొరబడి ఉండాలి, రెండూ పొరబడి ఉండవచ్చు. దేవుని ఉద్దేశం ఇరుపక్షాల ఉద్దేశాలకన్నా వేరు కావచ్చు. ఇదీ దాని సారం.

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం మొదటి సంవత్సరంలోనే ఈ విరోధ సూత్రం నేర్పుతారు. ఉన్నది అదే సమయంలో లేకుండా ఉండదు. పరీక్షకోసం వల్లించటం సులువు. రోజూ వందల శవాల లెక్క వింటూ, ఆ సూత్రాన్ని తన సొంత పక్షానికే అన్వయించుకోవటం కష్టం. లింకన్ ఏ సంఘంలోనూ సభ్యుడు కాలేదు. అయినా దేవుడు నా పక్షమని చాటుకొనే నాయకులకన్నా ఈ చీటీ వ్రాసిన మనిషి దేవుని ముందు ఎక్కువ తల వంచినట్టు కనబడుతుంది. 1865 మార్చి 4న రెండవసారి ప్రమాణ స్వీకారం చేసినప్పుడు చేసిన ప్రసంగంలో ఈ ఆలోచనే పండై కనిపించింది. గెలుస్తున్న పక్షం నాయకుడు ఆ రోజు జయఘోష చేయలేదు. బానిసత్వమనే పాపానికి ఉత్తర దక్షిణాలు రెండూ బాధ్యులేనని చెప్పారు.

ఓటమికి సిద్ధపడిన తీరు కూడా ఒక కాగితంలో ఉంది. 1864 ఆగస్టు 23న, ఎన్నికలలో ఓడిపోతానని నమ్మిన లింకన్ ఒక పత్రం వ్రాసి మడిచి అంటించారు. లోపల ఏమున్నదో చూపకుండా వెనుకవైపు మంత్రులందరి చేత సంతకాలు చేయించారు. నవంబరులో గెలిచిన తరువాత వారి ముందే విప్పారు. ఓడిపోతే, కొత్త అధ్యక్షుడు పదవి చేపట్టే లోపు ఆయనతో సహకరించి దేశాన్ని ఒకటిగా కాపాడటం తన విధి అని అందులో ఉంది. కుర్చీ పోతుందని తెలిసినప్పుడు దేశాన్ని ఎలా కాపాడాలా అని ఆలోచించారేగాని, కుర్చీని ఎలా కాపాడుకోవాలా అని కాదు.

జేబులో మిగిలినవి

1865 ఏప్రిల్ 14, గుడ్ ఫ్రైడే. ఆ రాత్రి ఫోర్డ్స్ నాటకశాలలో జాన్ విల్క్స్ బూత్ ఆయనను తుపాకీతో కాల్చాడు. మరునాటి ఉదయం లింకన్ ప్రాణం విడిచారు. ఆయన జేబులలో రెండు కళ్ళజోళ్ళు, చాకు, రుమాలు, కొన్ని వార్తాపత్రికల కత్తిరింపులు, ఒక అయిదు డాలర్ల నోటు దొరికాయి. ఆ నోటు ఓడిపోయిన దక్షిణాదిది. కళ్ళజోళ్ళలో ఒకదానికి దారం కట్టి బాగుచేసుకున్నారు.

21 ఏళ్ళ పెద్దకుమారుడు రాబర్ట్ తండ్రి కాగితాలన్నింటినీ పెట్టెలలో సర్దించి ఇల్లినాయ్‌లోని కుటుంబ మిత్రుడు న్యాయమూర్తి డేవిడ్ డేవిస్ వద్దకు పంపాడు. తరువాత నికోలే, హే వాటి ఆధారంగా పది సంపుటాల చరిత్ర వ్రాశారు. 1919లో రాబర్ట్ వాటిని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు అప్పగించి, 1923లో దానపత్రం వ్రాసి, తన మరణానంతరం 21 ఏళ్ళ వరకు తెరవరాదని షరతు పెట్టాడు. 1926 జూలై 26న అతడు మరణించాడు. అందుకే 1947లో ఆ అర్ధరాత్రి నిరీక్షణ. హత్య వెనుక కుట్ర రహస్యాలు బయటపడతాయని ఆశించినవారు నిరాశపడ్డారు. దొరికింది రహస్యం కాదు, ఒక మనిషి పడిన శ్రమ.

ఒక్క సంగతితో ముగిస్తాను. పాట్రిక్ మర్ఫీ అనే సైనికునికి లింకన్ ఇచ్చిన క్షమాపణ ఆదేశం అమెరికా జాతీయ ఆర్కైవ్స్‌లో ఉంది. దాని మీది తేదీ 1865 ఏప్రిల్ 14 అని చాలాకాలం అనుకున్నారు. హత్యకు గురైన రోజున చేసిన చివరి దయాకార్యమని దానిని ప్రదర్శించారు. 2011లో ఆర్కైవ్స్ ఒక ప్రకటన చేసింది. అసలు సంవత్సరం 1864. ఎవరో కలంతో నాలుగును అయిదుగా దిద్దారు.

ఎందుకు దిద్దవలసి వచ్చింది? మామూలు రోజున చేసిన దయ చాలదనిపించింది గనుక. మహనీయుల కథలకు మనమూ ఇలా అంకెలు దిద్దుతూ ఉంటాము. చివరి ఘడియలో జరిగిన అద్భుతం కావాలి మనకు. కాని పాట్రిక్ మర్ఫీకి ఆ తేదీతో పనిలేదు. 1864లో ఒక సాధారణ దినాన, బల్ల మీద గుట్టగా పడి ఉన్న దస్త్రాల మధ్య, అలసిన ఒక మనిషి తన పేరు చదివి, రెండు పంక్తులు వ్రాసి, ప్రాణం తిరిగి ఇచ్చాడు. ఆ దయకు మెరుగు అవసరం లేదు.

ఈ వారం మీలో ఎవరికైనా కోపంతో ఒక ఉత్తరం వ్రాయాలనిపిస్తే వ్రాయండి. పంపకండి. పంపవలసిన క్షమాపణ ఏదైనా చాలాకాలంగా మీ దగ్గర ఉండిపోయి ఉంటే, ఆదివారం పూజకు వచ్చేలోపు దానిని పంపండి.